చుట్ట రుచికి తెలుగు మాటలు

మా పీఠంలో తెలుగు చదివే విద్యార్థుల్లో హోసూరు, దెంకణికోట, కృష్ణగిరి తట్టు నుంచి వచ్చేవారు తరచు ఒక మాట అంటూ ఉంటారు: "మాది ఇంటి తెలుగు సార్, పుస్తకానికి పనికిరాదు." ఈ మాటను ఏటా వింటున్నాం, ఏటా ఏదో ఒక జవాబు చెబుతున్నాం. ఈసారి జవాబు మా నోటి నుంచి కాక దెంకణికోట దగ్గరి పల్లెలో ఒక ముసలి రైతు నోటి నుంచి వచ్చింది. అదీ మేము అనుకోని విషయం మీద వచ్చింది.

అనువాద తరగతిలో అభ్యాసానికి ఒక చిన్న ఇంగ్లీషు భాగం ఇచ్చాం. అది మేలురకం సిగార్ ఒకదాన్ని గురించిన వర్ణన. పొగ మెత్తగా మొదలై, నడుమ కాఫీగింజ, దేవదారు చెక్క, తోలు వాసనలు తోపించి, చివర మిరియపు ఘాటుతో ముగుస్తుందనీ, వీటిలో ఏదీ మరొకదాన్ని మింగెయ్యదు గనుక అది సమతూకం గల సిగార్ అనీ అందులో ఉంది. వచ్చిన అనువాదాలు నిఘంటువులో పుట్టి నిఘంటువులోనే పెరిగినవి. ఒకరు 'సుసంతులిత ధూమవర్తి' అన్నారు. ధూమవర్తి అనేది ఆయుర్వేదంలో మూలికల పొగబత్తికి వాడిన మాట, పొగాకు ఈ దేశానికి రాకముందు సంగతి. మరొకరు 'బాగా బ్యాలెన్స్ అయిన చుట్ట' అని రాసి ఊరుకున్నారు. ఎందుకిలా అని అడిగితే, "ఇట్లాంటి వాటికి మన తెలుగు చాలదు సార్" అని జవాబు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరవాత బడిలో తెలుగు మాధ్యమం వీలు తగ్గుతూ వచ్చిన తరం వీరిది. ఆ మాట వెనక ఉన్న నొప్పి మాకు తెలుసు. కాని అది నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న. దాన్ని పరీక్షించి చూడవచ్చు.

ముందుగా ఒక సంగతి. ఇది చుట్ట తాగమని చెప్పే వ్యాసం కాదు. ఎందుకు కాదో ఆ రైతు కథలోనే వస్తుంది.

చుట్ట అనే మాటతో మొదలుపెడదాం. తమిళంలో దీన్ని 'సురుట్టు' అంటారు. ఇంగ్లీషు వాళ్ళ 'షెరూట్', పోర్చుగీసు వాళ్ళ 'షరూతు' ఆ తమిళ మాటలోంచి పుట్టినవే. కృష్ణగిరి జిల్లాలో రెండు భాషలూ వినే పిల్లలు చుట్ట, సురుట్టు ఒకే మాటకు రెండు రూపాలనుకుంటారు. చూడడానికి అలాగే ఉంటుంది కూడా. కాని అవి వేరువేరు ధాతువుల నుంచి వచ్చినవి. సురుట్టు 'సురుళ్' అనే ధాతువుది. ముడుచుకుపోవడం, చాపలా చుట్టుకుపోవడం దాని అర్థం. కన్నడంలో 'సురుళి' దాని బంధువు. మన చుట్ట 'చుట్టు' అనే క్రియ నుంచి వచ్చింది. దానికి తమిళంలో సాటి మాట 'సుఱ్ఱు', కన్నడంలో 'సుత్తు'. తమిళంలో ఱ్ఱ ఉన్నచోట తెలుగులో ట్ట, కన్నడంలో త్త రావడం క్రమం: తమిళ 'పుఱ్ఱు', తెలుగు 'పుట్ట', కన్నడ 'హుత్త'. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా ఈ రెంటినీ వేరువేరు పద్దుల కింద పెట్టింది. అంటే కొత్తగా వచ్చిన ఆకును చుట్టి కాల్చడం నేర్చినప్పుడు తెలుగువాళ్ళు తమిళుల మాట అరువు తెచ్చుకోలేదు. తమ మాటనే తీసి దానికి పెట్టుకున్నారు. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులో చుట్టకు ఈ అర్థం నమోదై ఉంది.

పొగాకు సంగతీ అంతే. పొగ, ఆకు కలిపి మనం పొగాకు అన్నాం, తమిళులు 'పుగైయిలై' అన్నారు, కన్నడిగులు 'హొగెసొప్పు' అన్నారు. సముద్రం దాటి వచ్చిన మొక్కకు మూడు భాషలూ తమ ఇంటి సరుకుతోనే పేరు కట్టాయి. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం తీరాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు, ఇక్కడి పేదలు ఆకును ఉత్తగా చుట్టి, ఒక కొన వెలిగించి, మరో కొన పెదవుల మధ్య పెట్టుకుంటారని రాసి, దీన్ని పోర్చుగీసువాళ్ళు షెరూటా అంటారని చేర్చాడు. ఆ పేదల్లో అతడు ముందుగా పేర్కొన్నది 'జెంటూ'లను. ఆ రోజుల్లో ఈ తీరాన యూరపు వాళ్ళు తెలుగువారిని అలా పిలిచేవారు.

క్రియల విషయం ఇంకా ఆసక్తికరం. తెలుగులో చుట్ట కాలుస్తాం, తాగుతాం, పీలుస్తాం. తమిళంలో 'పిడి' అంటారు, అంటే పట్టుకోవడం. కన్నడంలో 'సేదు' అంటారు. ఈ సేదడం బావిలోంచి నీళ్ళు తోడడం కూడా. మన చేద, చేదడం అక్కడివే. పొగను చేదుకోవడమన్నమాట! 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ళు కూడా పొగాకును తాగుతామనే అనేవారు. ఏ క్రియ వాడుతున్నారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, హోసూరు చుట్టుపట్ల ఒకే ఇంట్లో ఈ మూడూ దొర్లడం మేము విన్నాం.

ఇక రుచి. దాని గురించి మాట్లాడాలంటే చుట్ట ఎలా తయారవుతుందో కొంత తెలియాలి. క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతపు సిగార్ అయినా, మన గోదావరి లంకల చుట్ట అయినా ముడిసరుకు ఆకే. ఆ ఆకు మొక్కమీద ఎక్కడ కాసిందన్నది మొదటి లెక్క. అడుగున ఉన్న ఆకులకు నీడ ఎక్కువ, నికోటిన్ తక్కువ. రుచి పెద్దగా ఉండదు గాని చక్కగా కాలుతాయి. నడిమి ఆకుల్లో వాసన ఉంటుంది. తలభాగాన ఎండంతా తాగిన ఆకులు మందంగా, జిడ్డుగా, బలంగా ఉంటాయి, నెమ్మదిగా కాలుతాయి. క్యూబా వాళ్ళు వీటిని వొలాదో, సెకో, లిహెరో అంటారు. చుట్టేవాడు ఈ మూడింటిని పాళ్ళు చూసి కూర్చి, లిహెరోను నడిమధ్యన పెడతాడు. దాని చుట్టూ పట్టి ఉంచే ఆకు ఒకటి, అన్నిటికీ పైన ఈనె తీసిన నున్నని ఆకు ఒకటి చుడతాడు. పైఆకు అందానికే అనుకోకూడదు; పెదవికి తగిలేదీ అదే, రుచిలో పెద్ద వాటా దానిదే. సిగార్‌కు ఒక కొన మూసి ఉంటుంది, తాగేముందు దాన్ని కత్తిరించుకోవాలి. చుట్టకు రెండు కొనలూ తెరిచే ఉంటాయి.

రెండో లెక్క ఆరబెట్టడం, మాగబెట్టడం. సిగరెట్టుకు పోయే వర్జీనియా ఆకును బ్యారన్‌లో వారం రోజులు వేడి పెట్టి పచ్చగా ఆరబెడతారు. అందులో చక్కెర నిలిచిపోతుంది, దాని పొగ ఆమ్లగుణం కలది. చుట్ట ఆకు గాలికి నిదానంగా ఆరుతుంది, ఆకు చచ్చేలోపు చక్కెర హరించుకుపోతుంది, పొగ క్షారగుణం కలదవుతుంది. ఈ తేడావల్లనే సిగరెట్టు పొగను రొమ్ముల్లోకి లాగనిదే నికోటిన్ ఎక్కదు, చుట్ట పొగ నోట్లో ఉండగానే బుగ్గల పొరలోంచి ఎక్కుతుంది. ఆరిన ఆకును కుప్ప వేసి తమంతట తాము వేడెక్కనిస్తారు. కుప్ప లోపల వేడి 50 డిగ్రీల దాకా పోతుంది. మధ్యమధ్య కుప్ప విప్పి, పైది కిందికి, లోపలిది బయటికి మార్చి మళ్ళీ పేరుస్తారు. ఈ వేడిలోనే పచ్చివాసన, ముక్కు మండించే అమ్మోనియా పోతాయి. ఇది జరక్కుండా చుట్టిన చుట్ట గొంతు గీరుతుంది, ఎంత ఖరీదు పెట్టినా. దీనికి ఇంగ్లీషువాళ్ళు వాడే మాటను పాఠ్యపుస్తకాలు 'కిణ్వనం' అంటాయి. కృష్ణగిరిలో మామిడికాయలు గడ్డిలో వేసి 'మాగ'బెట్టని ఇల్లు అరుదు. ఆ మాట ఇక్కడికి అతికినట్టు సరిపోతుంది. కన్నడంలోనూ అది 'మాగు'.

మూడో లెక్క నేల, నీరు. ఆకులో క్లోరైడు ఎక్కువైతే నిప్పు నిలవదు, మాటిమాటికి ఆరిపోతుంది. అందుకే తమిళనాట ఉప్పునీటి బావుల కింద పెరిగిన ఆకు నమలడానికి పోతుంది. గోదావరి వరద దించిపోయిన ఒండ్రులో పెరిగే లంక పొగాకు చుట్టలకు పేరుపడడంలో ఆ ఏటివాలు నేల వాటా ఉంది. లంక చుట్ట కోస్తా జిల్లాల్లో ఎంత ప్రసిద్ధమో, ఈ వైపున తిరుచ్చి, దిండిగల్ చుట్టలు అంత ప్రసిద్ధం. స్పెన్సర్ కంపెనీ దిండిగల్లులో సిగార్ల కర్మాగారం నడిపింది. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ మొదటి నవలలో హంతకుణ్ణి పట్టించిన ఆధారాల్లో ట్రిచినాపోలీ చుట్ట బూడిద ఒకటి! 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. చుట్ట, సిగార్ ఆకుల పరిశోధనకు దిండిగల్ దగ్గర వేదసందూరులో దాని కేంద్రం నెలకొంది. మన హోసూరు, కృష్ణగిరి ఈ రెండు చుట్టల రాజ్యాలకు నడుమ, రెండింటికీ దూరంగా ఉన్నాయి. అందుకే ఇక్కడ చుట్ట మీద మాటలు దొరుకుతాయని మేము అనుకోలేదు.

మా విద్యార్థిని ఒకామె, "మా తాత తాగేవాడు సార్, ఆయన్ని అడిగితే?" అన్నది. వెళ్ళాం. ఆయనకు ఎనభై దాటాయి. ఒకప్పుడు సంతలో ఆకు కొని, రొండిన దోపుకుని, గట్టు మీద కూర్చుని తానే చుట్టుకునేవాడట. మేము ఇంగ్లీషు భాగాన్ని ఊరికే మాటల్లో చెప్పి, అడుగాకు, నడిమాకు, తలాకు తేడా తెలుస్తుందా అని అడిగాం. ఆయన నవ్వాడు.

"తెలీకేం సారూ. అడుగాకు చప్పన. నడిమాకు కమ్మన. తలాకు గాటు. మూడూ కలిస్తేనే చుట్ట. తలాకొకటే చుట్టుకుంటే నసాళానికి కొడతాది, ఎక్కిళ్ళొస్తాయి."

వొలాదో, సెకో, లిహెరోల సంగతి పుస్తకాల్లో ఒక పుటకు తక్కువ కాకుండా ఉంటుంది. ఆయన మూడు మాటల్లో ముగించాడు. మనవరాలు రాసుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. మరి కలిసిన చుట్టను ఏమంటారు తాతా అని తరవాత ఆమే అడిగింది. "కుదిరింది అంటాం. ఆకు కుదిరింది, చుట్ట కుదిరింది. కుదరకపోతే కమురు కొడతాది, లేకుంటే నాలిక పొక్కుతాది." పులుసు కుదిరింది, పాట కుదిరింది, సంబంధం కుదిరింది అని రోజూ అనే మాట. దీన్ని విడిచి మా తరగతి అంతా 'సుసంతులిత' వెంట పరుగెత్తింది.

ఇంకా చాలా చెప్పాడు. మంచి చుట్టను గబగబా లాగకూడదట, లాగితే వేడెక్కి చేదెక్కుతుంది. నాలుగు మాటలు మాట్లాడి ఒక దమ్ము లాగాలి. సిగార్ ఎరిగినవారు నిమిషానికి ఒక దమ్ము చాలంటారు, లెక్క ఇదే. పొగను మింగకుండా నోట్లో ఆడించి, కొంచెం ముక్కులోంచి వదలాలట. "రుచి నాలికమీద కాదప్పా, ముక్కులో తెలుస్తాది." ఇది శాస్త్రం ఒప్పే మాట. నాలుకకు తెలిసేవి కొన్నే. కాఫీ, దేవదారు, తోలు అని వర్ణించేవన్నీ నోటి వెనకనుంచి ముక్కుకు చేరే వాసనలు. మొదటి సగం చుట్టకు, చివరి సగానికి తేడా ఏమిటని అడిగితే, "కాలేకొద్దీ ముదురుతాది" అన్నాడు. పొగ తాను దాటివచ్చే ఆకులో జిగురును వదులుతూ వస్తుంది గనుక చివరికి బలం పెరుగుతుంది. ముదరడం అంటే వయసు, పాకం, రంగు, జబ్బు అన్నిటికీ వర్తించే మాట. ఇంగ్లీషు భాగంలో దానికి ఒక వాక్యమంతా పట్టింది.

మేము ఉగాది పచ్చడిని గుర్తుచేసి, ఆరు రుచుల్లో చుట్టలో ఏవి ఉంటాయని అడిగాం. తీపి ఉంటుందా? ఉంటుందట, మాగిన ఆకులో, దమ్ము వదిలాక. చేదు ఎప్పుడూ ఉంటుంది. కారం తలాకుది. వగరు పచ్చి తగ్గని ఆకుది. అది ఉంటే పారెయ్యాలి. ఉప్పు పెదవికి తగిలే పైఆకులో. పులుపు మాత్రం ఉండకూడదు. ఉంటే తడి తగిలి బూజు పట్టిందన్నమాట. సిగార్లకు రుచిచక్రాలు గీసేవారు చూడవలసిన పట్టిక ఇది. గురజాడ గిరీశం చేత చుట్ట మీద చెప్పించిన పద్యం తెలుగుదేశంలో అందరికీ తెలుసు, గరుత్మంతుడు తెస్తున్న అమృతపు చుక్క రాలి పొగచెట్టు మొలిచిందని. అది వేళాకోళం. రుచిని విప్పి చెప్పిన మాటలు మాకు ఈ అరుగుమీదనే దొరికాయి.

ఇంతలో ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆమె పుట్టిల్లు ఆనేకల్ వైపు, కన్నడం ఇంటిభాష. మేము వాసన గురించి అడగగా ముసలాయన "కమ్మన" అన్నాడు. ఆమె "కంపు" అన్నది. కన్నడంలో కంపు అంటే పరిమళం, తెలుగులో దుర్గంధం. పూర్వం తెలుగులోనూ అది వాసన మాత్రమే. కమ్మన, కంపు ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు, తమిళ 'కమళ్' వాటికి బంధువు. ఏ భాషలో అంటున్నారమ్మా అని అడిగాం. "తెలుగులోనే" అన్నది నవ్వకుండా.

ఆమెకు కారణం ఉంది. వెలిగించి చూపిస్తాడేమోనని మాలో ఒకరు ఆశపడ్డారు గాని, ఆయన చుట్ట మానేసి ఆరేళ్ళు. ఎడమ బుగ్గలోపల తెల్లని మచ్చ కనిపించి, డాక్టరు భయపెట్టి, ముక్క కోసి పరీక్షకు పంపారట. అదృష్టవశాత్తు అది పుండు దాకా పోలేదు. చుట్ట పొగను ఊపిరితిత్తుల్లోకి లాగరు గనుక అపాయం లేదని చాలామంది నమ్ముతారు. నమ్మకం తప్పు. లాగకపోయినా ఎక్కే నికోటిన్ ఏ పొరలోంచి ఎక్కుతుందో, ఆ పొరమీదే మిగతా విషాలూ నిలుస్తాయి. నోటి, గొంతు, అన్నవాహికల క్యాన్సర్ చుట్ట తాగేవారికి ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్ళు నిప్పుకొనను నోట్లో పెట్టుకుని కాల్చే 'అడ్డపొగ' వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది. మేము ఇక్కడ మెచ్చుకుంటున్నది ఒక రుచిని, ఆ రుచి కోసం బుగ్గను పణంగా పెట్టిన మనిషి చెప్పగా. ఈ రెండింటిలో ఏదో ఒకటి చెప్పి ఊరుకోవడం మాకు చేతకాలేదు.

తిరిగి వచ్చాక ఆ విద్యార్థిని తన అనువాదాన్ని కొట్టేసి మళ్ళీ రాసింది. ఆమె అనుమతితో ఇస్తున్నాం: "పొగ మొదట చప్పగా, మెత్తగా ఉంటుంది. నడుమకు వచ్చేసరికి కమ్మబడుతుంది. కాఫీగింజలు వేయించిన వాసన, కొత్త చెక్క వాసన, తోలు వాసన ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. కాలేకొద్దీ ముదిరి మిరియమంత గాటు తేలుతుంది. ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. కుదిరిన చుట్ట." దేవదారును 'కొత్త చెక్క' అనడం మీద మాకు అభ్యంతరం ఉంది, దేవదారు దేవదారే. తక్కినదానికి వేలు పెట్టే చోటు కనిపించలేదు.

వేసవి సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళే విద్యార్థులు ఈ మాటలను తమతమ పల్లెల్లో అడిగి తేవాలని కోరుతున్నాం. ముఖ్యంగా మూడు చూడండి: చుట్టకు ఏ క్రియ వాడుతున్నారు, ఆకు భాగాలకు, మాగడానికి, చెడిపోవడానికి ఏమంటున్నారు, కంపు అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారు. చెప్పినవారి వయసు, ఇంటిభాష, ఊరు రాసుకోండి. పేరు అక్కర్లేదు. తాగడం మానేసినవారిని అడిగేటప్పుడు చేతికి చుట్ట ఇచ్చి అడగకండి. మేము వెళ్ళిన ఇంట్లో అది లేకుండానే రెండు గంటలు మాటలు సాగాయి.